పొరపాటు అనమన్నారు

ఆ వేసవి మొదట్లో మా ఇంటికి రెండు నీలం చొక్కాలు వచ్చాయి. ఒకటి నాకు, రెండోది మా తమ్ముడు గార్నెట్‌కి. స్టేజీ వెనక పనిచేసేవాళ్ళు ఎక్కడైనా నల్లబట్టలే వేసుకుంటారు. చీకట్లో సామాను మోసేవాళ్ళు టిక్కెట్టు కొన్నవాళ్ళ కంట పడకూడదు గదా. మాకు మాత్రం నీలం. వీపు నిండా రెక్కలు చాపిన డేగ బొమ్మ, దాని కింద మేం ఆదివాసీలమనీ, ఈ పని నేర్చుకుంటున్నామనీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

మా అమ్మ ఆ చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అందరూ కనపడకూడదంట, మీరు మాత్రం కనపడాలంట. బావుంది సంబడం. అయినా ఇది డేగేంటే అర్లీన్? కోళ్ళ ఫ్యాక్టరీలోంచి పారిపోయొచ్చిన పుంజులా ఉంది."

"నాలాగే అన్నమాట," అన్నాను.

నిజమే మరి. అప్పటికి ఎనిమిదేళ్ళుగా కెనడాలోని సాస్కటూన్‌లో ఒక కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోసే బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఊళ్ళో పాటకచేరీలూ టీవీ పండగలూ నడిపే పెద్ద కంపెనీ ఒకటి మా జనంలోంచి ఆరుగుర్ని తీసుకుని, సీజనంతా పని నేర్పి, మంచు పడేనాటికి పనికొచ్చినవాళ్ళకి అప్రెంటిస్ కార్డు ఇస్తామంది. ఆ కార్డు చేతికొస్తే నాలుగేళ్ళు జీతం తీసుకుంటూనే నేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఈ దేశంలో ఏ హాల్లోనైనా లైట్లు వేసి బతకొచ్చు. చలికాలం కూడా పనుంటుంది. నాకు ఆ కార్డు కావాలి. ముప్ఫైనాలుగేళ్ళొచ్చేదాకా నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

జూన్, జూలై నెలల్లో మాకు నేర్పింది చక్రాల పెట్టెలు తోయడం. లారీలోంచి స్టేజీకి, స్టేజీ మీంచి లారీకి. ఆ పెట్టెల్లో ఏముందో, దాన్ని ఎలా బిగిస్తారో అడిగితే "తర్వాత చూద్దాం" అనేవాళ్ళు. ఫొటోలకి మాత్రం తర్వాత ఉండేది కాదు. మా బాగోగులు చూడ్డానికి కంపెనీ పెట్టిన లిండ్సే అనే అమ్మాయి వారం వారం ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకొచ్చి, మా చేతుల్లో ఎవరిదో రెంచీ పెట్టి నవ్వమనేది. ఫొటో అయ్యాక రెంచీ తీసేసుకునేవాళ్ళు. మా ఆరుగురిలో నలుగురు జూలై దాటకుండానే మానుకున్నారు. "చూశారా, వీళ్ళు నిలవరు" అని వెనక అనుకున్నారని కూడా విన్నాను. పెట్టెలు తోయించడానికే పిలిచామని ముందే చెప్పి ఉంటే అసలు వచ్చేవాళ్ళే కాదు కదా, ఇక నిలవడమేంటి?

మిగిలింది నేనూ గార్నెట్టూ. నాకు మొండితనం, వాడికి అవసరం. వాడి భార్య కేసీ కడుపుతో ఉంది. అందరం అమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం.

ఆగస్టులో ఒకరోజు స్పాట్‌లైటు వేసే మనిషి ఒకడు జ్వరంతో రాలేదు. స్పాట్ అంటే పాడేవాళ్ళ వెంట తిరిగే గుండ్రటి లైటు. హాలు కప్పు కింద ఇనప వంతెన మీద కూర్చుని, ఫిరంగిలాంటి దీపాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పాలి. లైట్లవాళ్ళకి పెద్ద ఓరెస్ట్. అరవై దగ్గరపడ్డ మనిషి, ఉక్రెయిన్ నుంచి వచ్చిన రైతుల మనవడు, మాట్లాడితే కసిరినట్టే ఉంటుంది. గతిలేక నన్ను పైకెక్కించాడు.

"ఇదిగో అమ్మాయ్, అతను ఎటెళ్తే అటు తిప్పు. అంతకంటే తెలివితేటలు చూపించకు."

పాటగాడు కుదురుగా ఉండే రకం కాదు. నేను వదల్లేదు. కాసేపటికి ఓరెస్ట్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"వాడు తిరక్కముందే తిప్పుతున్నావే? ఎలా తెలుస్తోంది?"

"డోలు చెబుతుంది గదండీ. మా ఊళ్ళో చిన్నప్పట్నుంచీ నాట్యాలు చూస్తూ పెరిగాం. దెబ్బ మారిందంటే కాలు మారుతుంది."

"నీ తమ్ముడికీ తెలుస్తుందా?"

"వాడికి నాకంటే బాగా తెలుసు. వాడి చెయ్యి బల్ల మీద పెట్టినట్టుంటుంది, కదలదు."

మర్నాటి నుంచి పెట్టెలు తప్పాయి. ఓరెస్ట్ మా ఇద్దర్నీ పైకి తీసుకెళ్ళి పని నేర్పాడు, తిడుతూ నేర్పాడు, నిజంగా నేర్పాడు. చెవులకి హెడ్‌సెట్ తగిలించి ఒకటే మాట పదే పదే చెప్పేవాడు. "కింద డైరెక్టర్ 'గో' అనేదాకా మీ చెయ్యి మీది కాదు. అన్నాక ఆగితే అసలే మీది కాదు. పొరపాటు చేస్తే తిడతాను, మర్చిపోతాను. మాట వినకపోతే మాత్రం నా వంతెన ఎక్కనివ్వను. కప్పు మీంచి టన్నుల ఇనుము వేలాడుతుంటది. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు చేస్తే కింద మనుషులు చస్తారు." ఆ నియమం నాకు నచ్చింది. ఇప్పటికీ అది తప్పనను.

సెప్టెంబరు చివర మంచు మీద హాకీ ఆడే పెద్ద హాల్లో టీవీలో నేరుగా చూపించే పండగ ఒకటి పెట్టారు. పెద్ద పాటగాళ్ళందరూ వస్తున్నారు. మొదట్లో నాలుగు నిమిషాలు మావాళ్ళ నాట్యం. మా ఊళ్ళో ఆ ప్రవేశ నాట్యం గంట పడుతుంది. నాలుగు నిమిషాలంటే వాకిట్లో చెప్పులు విప్పడానికి సరిపోతుంది. అయినా పిలిచారు గదా అని మా రిజర్వు నుంచి, అంటే ఆదివాసీలకని సర్కారు విడిచిపెట్టిన మా ఊరి నుంచి, బస్సులో బయల్దేరారు. అందరికంటే ముందు డేగ ఈకల కర్ర పట్టుకుని నడిచేది మా ఎమిల్ మావయ్య, అమ్మకి అన్న. వయసులో ఉండగా సైన్యంలో చేసి వచ్చినవాడు.

రెండ్రోజుల ముందు అందర్నీ కూర్చోబెట్టి షో ఎలా నడవాలో చెప్పారు. టీవీ డైరెక్టర్ వేరే నగరం నుంచి వచ్చాడు. చురుకైనవాడు, మాట మీద మాట. ఏమైనా అడగాల్సినవి ఉన్నాయా అన్నాడు. నేను చెయ్యెత్తాను. గార్నెట్ కింద నుంచి నా కాలు తన్నాడు. అయినా దించలేదు.

"నాట్యం చేసేటప్పుడు ఎవరిదైనా డేగ ఈక కింద పడితే అన్నీ ఆగిపోవాలండీ. ఫొటోలు తియ్యకూడదు, టీవీలో చూపించకూడదు. సైన్యంలో చేసొచ్చిన పెద్దవాళ్ళు దాని చుట్టూ తిరిగి, పాట పాడి, చేతిలోకి తీసుకుంటారు. పడ్డ ఈక అంటే మాకు యుద్ధంలో పడ్డ మనిషి."

"షో ఆపడమా?" అని నవ్వాడు. "ఇది లైవ్ అమ్మా."

"ఆపక్కర్లేదు. కెమెరాలు పక్కకి తిప్పండి. ప్రేక్షకుల్ని చూపించండి, కప్పుని చూపించండి, మీ ఇష్టం. లైటు తీసేస్తే చాలు. మిగతాది మావాళ్ళు చూసుకుంటారు."

లిండ్సే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "ఎంత అందమైన ఆచారం అర్లీన్! దీన్ని మన కంపెనీ పుస్తకంలో వెయ్యాలి."

"పుస్తకంలో తర్వాత వేద్దురుగాని. ఆయన్ని ఊ అనమనండి."

"చూద్దాం చూద్దాం," అన్నాడు డైరెక్టర్. "అయినా ఎందుకు పడుతుంది? గట్టిగా కట్టుకురమ్మను."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈకలు కట్టడం మా అమ్మకి నేర్పించే మొగాడొచ్చాడు! ఎంత గట్టిగా కట్టినా దానికి పడాలనిపిస్తే పడుతుంది, అందుకే గదా ఆ పాట ఉంది. కానీ నోరు మూసుకున్నాను. కార్డు ఇచ్చే వారం అది.

ఆ సాయంత్రం హాలు కిక్కిరిసింది. పై వరసల్లో మావాళ్ళు, మధ్యలో అమ్మ, ఎత్తుపొట్టతో కేసీ. నేనూ గార్నెట్టూ వంతెన మీద పక్కపక్కనే, నాది ఒకటో స్పాట్, వాడిది రెండోది. డోలు మొదలైంది. హాల్లో లైట్లన్నీ ఆర్పేశారు. వెలుగంటూ ఉంటే మా ఇద్దరి చేతుల్లో ఉన్నదే. ఎమిల్ మావయ్య కర్ర ఎత్తి నడిచొచ్చాడు, వెనక నాట్యం చేసేవాళ్ళు. మావాళ్ళ మీద మా చేతులతో లైటు వేస్తున్నాం. ఇందుకే నేను ఈ పనిలోకి వచ్చానని ఆ క్షణాన అనిపించింది, ఏ కార్డూ గుర్తు రాలేదు.

అప్పుడు ఒకతని నడుం వెనక కట్టుకున్న ఈకల చక్రంలోంచి ఒకటి ఊడింది. నెమ్మదిగానే పడింది. నేల తాకగానే అతను నిలబడిపోయాడు. డోలు ఆగింది. ఒక్కొక్కరే అందరూ ఆగిపోయారు.

"ఏమైంది? ఎందుకాగారు?" హెడ్‌సెట్‌లో డైరెక్టర్. ఆ తర్వాత, "ఓహో. ఈక. అబ్బ, ఏముంది! మూడో కెమెరా, దాని మీదే ఉండు, దగ్గరికెళ్ళు. స్పాట్ వన్, సైజు తగ్గించి ఈక మీదకి రా. గో."

నా చెయ్యి కదల్లేదు.

"స్పాట్ వన్, గో."

పై వరసల్లో మావాళ్ళు లేచి నిలబడ్డారు, మగాళ్ళు టోపీలు తీశారు. దీపం పైన మూత దించే పిడి ఒకటి ఉంటుంది. దాన్ని దించాను.

"స్పాట్ వన్ ఏం చేస్తోంది? స్పాట్ టూ, నువ్వు తీసుకో. ఈక. గో."

గార్నెట్ నావైపు చూశాడు. నేనేం సైగ చెయ్యలేదు, పెదవి విప్పలేదు, దేవుడి మీద ఒట్టు. వాడు కింద మావయ్య వైపు చూశాడు. తన పిడి దించాడు. మెల్లగా, ఉయ్యాల్లో పడుకోబెట్టిన బిడ్డ లేవకుండా తలుపేసినట్టు.

హాలంతా చీకటి. తలుపుల మీద వెలిగే ఎర్ర అక్షరాలు తప్ప ఏం లేదు. చెవుల్లో బూతులు. హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకున్నాను. కింద నుంచి పాత పాట ఒకటి లేచింది, సైన్యంలో చేసిన నలుగురు పెద్దవాళ్ళ గొంతులు, ఒకే డోలు. అన్ని వేలమంది కిక్కురుమనలేదు. మావయ్య ఈకను ఎత్తి పట్టుకున్నట్టు అరుపు వినపడగానే మూత తీశాను. గార్నెట్ కూడా తీశాడు. నాట్యం మళ్ళీ సాగింది.

దిగేసరికి నిచ్చెన మొదట్లో ఓరెస్ట్ ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"గో అన్నాడు. విన్నావా?"

"విన్నాను."

"విని ఆగావా?"

"విని ఆగాను. రెండ్రోజుల ముందే చెప్పాను గదా మీ అందరికీ. అక్కడ మీరూ ఉన్నారు."

"ఉన్నాను," అన్నాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి రమ్మన్నారు. బల్లకి అటుపక్క కంపెనీ మేనేజరు, ఆయన పక్కన లిండ్సే. ఇటు మేమిద్దరం. ఉద్యోగం ఊడిందనే అనుకుని వెళ్ళాం. కాఫీ ఇచ్చారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"చూడండి," అంది లిండ్సే మెత్తగా, "నేర్చుకునేవాళ్ళకి కంగారు సహజం. టీవీ షో, చీకటి, అంత ఎత్తు. చెయ్యి జారడం ఎవరికైనా జరుగుతుంది. మీ ఇద్దరి చేతులూ జారాయి. అంతే గదా? ఆ మాట మీరు చెబితే టీవీవాళ్ళకి మేం చెప్పుకుంటాం. మీ కార్డులకి ఢోకా లేదు."

"చెయ్యి జారలేదు," అన్నాను.

"అర్లీన్, ఒకసారి ఆలోచించుకో."

"ఇద్దరి చేతులూ ఒకదాని తర్వాత ఒకటి, సరిగ్గా ఈక పడ్డప్పుడే జారి, సరిగ్గా ఈక తీసుకోగానే బాగయ్యాయా? ఎవరు నమ్ముతారండీ?"

"నమ్ముతారు," అన్నాడు మేనేజరు.

నమ్ముతారు. ఎందుకు నమ్మరు? మాకు పని రాదంటే ఈ ఊళ్ళో ఎవరైనా ఇట్టే నమ్ముతారు. మాకు పని వచ్చనీ, ఏం చేస్తున్నామో తెలిసే చేశామనీ అంటే అది మాత్రం వాళ్ళకి మింగుడుపడదు. చేతకానివాళ్ళలా ఉంటే కార్డు ఇస్తారట, మనుషుల్లా ఉంటే ఇవ్వరట. ఇంతకంటే చెంప మీద కొట్టినా బావుండేది.

"ఆ ఈక ఎవరిదో తెలుసా మీకు?" అన్నాను. "ఏమీ తెలీదు. తెలుసుకోమని ముందే చెప్పాను. మీరు నవ్వారు. పొరపాటు ఏదైనా జరిగితే అది ఆ నవ్వు దగ్గర జరిగింది. దాన్ని ఒప్పుకోండి, నేను మాట వినలేదని నేను ఒప్పుకుంటాను. నన్ను తీసెయ్యండి, అది మీ నియమం, సరే. కానీ పొరపాటు అనమంటే అనను."

మేనేజరు నన్ను వదిలేసి గార్నెట్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు బాబూ?"

వాడు కాఫీ కప్పు వైపే చూస్తున్నాడు. కేసీకి ఏడో నెల. వాడు ఏమనుకుంటున్నాడో నాకు వాడి మెడ చూస్తేనే తెలిసిపోయింది.

"నా చెయ్యి జారిందండీ," అన్నాడు.

లిండ్సే వాడి భుజం తట్టింది. నేను లేచి బయటికి వచ్చేశాను. వాడి మీద కోపం లేదంటే అబద్ధం, కానీ అది గుమ్మం దాటేలోపే పోయింది. బిడ్డ పుట్టబోయే వాణ్ని కూర్చోబెట్టి, నీ మర్యాద ఇటివ్వు, నీ కూడు ఇటు తీసుకో అని అడిగినవాళ్ళ మీద మాత్రం కోపం ఇప్పటికీ పోలేదు. పోవాల్సిన పనీ లేదు.

ఇంట్లో పండగలా ఉంది. రిజర్వు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పెద్దలు మా అమ్మకి దుప్పటి కప్పుతామన్నారు, మాలో అది పెద్ద గౌరవం. ఎమిల్ మావయ్య దుప్పిమాంసం పంపాడు. అమ్మ మావాళ్ళు చేసుకునే బానక్ రొట్టెలు కాలుస్తూ వచ్చినవాళ్ళందరికీ అదే కథ. "ముందు నా కూతురు ఆర్పింది. వెంటనే నా కొడుకు ఆర్పాడు. నేను కింద కూర్చునే చూశాను గదా. ఇద్దరూ ఇద్దరే."

"నన్ను తీసేశారమ్మా," అన్నాను. "గార్నెట్‌ని ఉంచుకున్నారు. కార్డు ఇస్తారు."

"వాణ్ని ఎందుకుంచుకున్నారు?"

గార్నెట్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బూటు తాడు విప్పుతున్నట్టు వంగాడు.

"వాడికి పని బాగా వచ్చని," అన్నాను.

అమ్మ నమ్మింది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాట తెగింది. పోట్లాడుకోలేదు. వాడు నేనున్న గదిలోకి రాడు, నేను వాడు తినేటప్పుడు వంటింట్లోకి వెళ్ళను. చిన్నప్పట్నుంచీ ఒకర్నొకరు ఏడిపించుకోకుండా అన్నం తినని వాళ్ళం. కేసీ ఓసారి "మీకేమైందక్కా?" అని అడిగింది. "చలి" అన్నాను. నేను కోళ్ళ ఫ్యాక్టరీకే తిరిగి వెళ్ళాను. మళ్ళీ అదే బల్ల.

గార్నెట్‌కి నదొడ్డున పెద్ద థియేటర్లో పని దొరికింది. నల్లచొక్కా ఇచ్చారు. అక్టోబరు చివర తొలి మంచు పడ్డ వారం, పనివాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి మధ్యాహ్నం ఆట చూసి, స్టేజీ వెనక కూడా తిరగొచ్చని చెప్పారు. అమ్మ పట్టుబట్టి నన్నూ లాక్కెళ్ళింది. ఉన్నవాటిలో మంచి చెవిపోగులు పెట్టుకుంది, తన చేత్తో పూసలు గుచ్చినవి.

ఆట అయ్యాక మా ముగ్గుర్నీ వెనక్కి తీసుకెళ్ళారు. గార్నెట్ తాళ్ళు చుడుతున్నాడు. పైనుంచి ఎవరో కేకేశారు. "ఒరేయ్ జారుడూ! ఆ తాడు జాగ్రత్తరోయ్!" నలుగురైదుగురు నవ్వారు. చెడ్డ నవ్వు కాదది, స్నేహంగానే నవ్వారు. గార్నెట్ కూడా నవ్వాడు. వాడి నవ్వు నాకు తెలుసు. అది వాడిది కాదు.

అమ్మ చుట్టూ చూసింది. "ఎవర్ని పిలుస్తున్నారు?"

"మీ అబ్బాయినేనండీ," అన్నాడు పక్కనున్న కుర్రాడు సరదాగా. "టీవీ షోలో ఈక పడ్డప్పుడు కంగారులో చెయ్యి జారి లైటు ఆర్పేశాడు గదా. అప్పట్నుంచీ జారుడే. అప్రెంటిస్‌లందరికీ ఏదో ఒక పేరు పెడతాంలెండి, ఏమనుకోకండి."

చెవిపోగు సర్దుకుంటున్న అమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. కొడుకు వైపు చూసింది. కోపంగా కూడా కాదు. దారిలో ఎవరో తెలిసినవాళ్ళలా ఉంటే పోల్చుకోవడానికి చూస్తామే, అలా చూసింది. కేసీ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. నాకు గార్నెట్‌ని అక్కణ్నుంచి ఎత్తుకుపోవాలనిపించింది.

వాడు చుడుతున్న తాడుని పూర్తిగా చుట్టాడు. కొక్కేనికి తగిలించాడు.

"జారలేదు," అన్నాడు.

"ఏంటి?" అన్నాడు కుర్రాడు.

"నా చెయ్యి జారలేదు. డైరెక్టర్ గో అన్నాడు, విన్నాను. ఈక మీద లైటు వెయ్యకూడదని నేనే ఆర్పాను. మా అక్క కూడా అంతే. జారిందని అబద్ధం చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. తెర పక్క నుంచి ఓరెస్ట్ వచ్చాడు, అక్కడా లైట్లవాళ్ళకి ఆయనే పెద్ద. ఎప్పట్నుంచి అక్కడున్నాడో తెలీదు.

"ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది," అన్నాడు.

"ఆ రోజు అడిగినవాళ్ళకి ఆ మాట అక్కర్లేదండీ."

ఓరెస్ట్ వాణ్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "అక్కర్లేదు," అన్నాడు. ఆయన ఆ మాట మా పక్షాన అన్నాడో, వాళ్ళ పక్షాన అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. అమ్మ ముందుకెళ్ళి కొడుకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, దుమ్ము దులిపినట్టు తుడిచి వదిలేసింది. "పదండి, రొట్టెలకి పిండి కలపాలి," అంది.

వాణ్ని ఎవరూ తీసెయ్యలేదు. కార్డు ఉన్నవాళ్ళని ఈ పనిలో ఎవరూ తీసెయ్యరు, పనికి రమ్మని ఫోన్ చెయ్యడం మానేస్తారంతే. సోమవారం ఫోన్ రాలేదు, ఆ పై సోమవారమూ రాలేదు. అడిగితే "ఈ నెల పని తక్కువగా ఉంది" అన్నారు. క్రిస్మస్ నాటకాలు మూడు నడుస్తున్నాయి అప్పుడు ఊళ్ళో! కార్డు మాత్రం వాడి జేబులోనే ఉంది. మేం దాన్ని వెనక్కి తీసుకోలేదు చూశారా అని కంపెనీవాళ్ళు చెప్పుకోవడానికి కాబోలు. డిసెంబరులో పాప పుట్టింది. వాడు కట్టెల మిల్లులో చేరాడు. ఇంట్లో డబ్బుకి కటకటగా ఉన్నా, వంటింట్లో మాత్రం మళ్ళీ గొడవ మొదలైంది. వాడు నా రొట్టెలో జాం దొంగిలించడం, నేను వాడి తల మీద కొట్టడం.

ఏప్రిల్లో లిండ్సే ఫోన్ చేసింది. కొత్తగా ఆరుగురు వస్తున్నారట. పోయినేడు బ్రహ్మాండంగా జరిగిందని డబ్బిచ్చే పైవాళ్ళు మెచ్చుకుని ఇంకో మూడేళ్ళకి సాయం చేస్తున్నారట.

"వచ్చి వాళ్ళతో ఓ నాలుగు మాటలు చెబుతావా అర్లీన్? కొంచెం ధైర్యం కలిగేలాగ."

"తప్పకుండా వస్తాను. ఈక పడితే లైటు ఆర్పమని చెబుతాను."

"నేను మళ్ళీ చేస్తాను," అంది. చెయ్యలేదు.

గార్నెట్ పాపని భుజాన వేసుకుని వింటున్నాడు. "ఆ ఆరుగురూ ఎవరో అడగాల్సింది అక్కా."

"అడగడమెందుకురా," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "నలుగురు మన రిజర్వువాళ్ళే. మిగతా ఇద్దరి అమ్మమ్మలు నాకు తెలుసు. ఆదివారం భోజనానికి రమ్మంటే ఎవరు రారు?"

ఆదివారం ఆరుగురూ వచ్చారు. పందొమ్మిదేళ్ళ పిల్ల నుంచి నలభై దాటిన ఆయన దాకా. సిగ్గుపడుతూ, పనంటే ఉత్సాహంగా, అచ్చం మాలాగే. అమ్మ సూపు పోసింది, రొట్టెలు పెట్టింది. తిన్నాక అందరూ నావైపు చూశారు, పెద్దదాన్ని గదా అని. నేను నోరు తెరిచేలోపే గార్నెట్ పాపని కేసీకి అందించి లేచి నిలబడ్డాడు.

"పని మంచిది. నేర్చుకోండి, వదలకండి," అన్నాడు. "పొరపాటు చేస్తే ఒప్పుకోండి. చెయ్యని పొరపాటు ఒప్పుకోమని కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. నేను తాగాను. మీరు తాగకండి."